నాలుగు డాలర్ల బోర్డుతో సొంత సింథసైజర్.. ఇంటి బల్ల మీద వాయిద్యం ఎలా తయారవుతుంది?

హార్మోనియం మీద గాంధారం మెట్టు నొక్కితే ఒక్క గాంధారమే పలుకుతుంది. దాన్ని వెంట్రుకవాసి కిందికి దించి వాయిద్దామంటే కుదరదు. తయారుచేసినవాళ్లు రీడును ఎలా గీకి శ్రుతి చేశారో అది అలాగే మోగుతుంది. షాపులో కొనే చౌక కీబోర్డుల్లో చాలావాటి సంగతీ అంతే. ఏ స్వరం ఎక్కడుండాలి, ఏ బటన్ ఏం చేయాలి అన్నది కంపెనీ ముందే తేల్చేసింది. కొన్నవాళ్లు వాయించుకోవాలి, అంతే.

ఈ పద్ధతిని తిరగేసే పని కొన్నేళ్లుగా ప్రపంచమంతటా ఇళ్లలో, గ్యారేజీల్లో నడుస్తోంది. వేలెడంత మైక్రోకంట్రోలర్ బోర్డు, సొంతంగా గీసుకున్న సర్క్యూట్ బోర్డు, కొన్ని రెసిస్టర్లు, నాబ్‌లు, జాక్‌లు.. వీటితో సింథసైజర్ భాగాలను జనం తామే తయారుచేసుకుంటున్నారు. వీళ్లలో ఇంజినీర్లు ఉన్నారు, సంగీతం తప్ప ఇంకేమీ చదవనివాళ్లూ ఉన్నారు. అసలు ఇది ఎలా పనిచేస్తుంది? ఎంతవరకు సులువు? ఎక్కడ చేయి కాలుతుంది? వివరంగా చూద్దాం.

ఒక్క డబ్బా కాదు.. విడివిడి ముక్కలు

హార్మోనియాన్నే తీసుకుందాం. గాలి ఇచ్చే తిత్తి ఒకటి. శబ్దం పుట్టించే రీడ్లు ఒకటి. గాలిని ఎటు పంపాలో చెప్పే స్టాపర్లు ఒకటి. ఈ మూడూ ఒకే పెట్టెలో బిగించి ఉంటాయి. ఒకవేళ ఇవి విడివిడి డబ్బాలుగా ఉండి, మధ్యలో గొట్టాలు ఎలా కావాలంటే అలా తగిలించుకోగలిగితే? మాడ్యులర్ సింథసైజర్ అంటే సరిగ్గా అదే. గొట్టాల బదులు వైర్లు, గాలి బదులు కరెంటు.

ఒక మాడ్యూల్ శబ్దాన్ని పుట్టిస్తుంది. దాన్ని ఆసిలేటర్ అంటారు. ఇంకొకటి ఆ శబ్దంలోని పదునును తగ్గిస్తుంది. అది ఫిల్టర్. మరొకటి శబ్దం ఎంత పెద్దగా రావాలో చూసుకుంటుంది. ఇంకొకటి లయ తప్పకుండా ఒక్కో స్వరాన్ని వరుసగా పిలుస్తుంది. అది సీక్వెన్సర్. వీటిని చిన్న చిన్న ప్యాచ్ కేబుళ్లతో కలిపితే ఒక వాయిద్యం అవుతుంది. కేబుళ్లు మారిస్తే ఇంకో వాయిద్యం అవుతుంది.

అమెరికాలో 1960ల మొదట్లో రాబర్ట్ మూగ్, డాన్ బుక్లా ఎవరికి వారు ఈ దారి వేశారు. అప్పటి యంత్రాలు బీరువాల్లా ఉండేవి. ధర సామాన్యుడికి అందేది కాదు. మన దేశానికీ అది త్వరగానే వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా లాంటివాళ్లు అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. ఆ టేపులు సంస్థ ఆర్కైవ్‌లోనే దశాబ్దాల పాటు ఉండిపోయాయి. 1969 నుంచి 1972 వరకు చేసిన ఆ రికార్డింగులు బయటి శ్రోతలకు ఆల్బమ్‌గా అందింది 2023లో.

బీరువా సైజు చిన్న పెట్టె సైజుకు రావడంలో జర్మనీకి చెందిన డీటర్ డోఫర్‌ది పెద్ద పాత్ర. 1990ల మధ్యలో ఆయన కంపెనీ ఏ-100 పేరుతో చిన్న మాడ్యూళ్లు తెచ్చింది. ఆ కొలతలే తర్వాత యూరోర్యాక్ అనే ప్రమాణంగా మారాయి. ముందు పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పును హెచ్‌పీల్లో లెక్కిస్తారు. ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు. జాక్‌లు 3.5 మిల్లీమీటర్లవి, అంటే పాత ఫోన్లలో ఇయర్‌ఫోన్ పెట్టే సైజు. పవర్ ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. ఈ నాలుగు లెక్కలు పాటిస్తే చాలు.. హైదరాబాద్‌లో చేసిన మాడ్యూల్ బెర్లిన్‌లో ఉన్న పెట్టెలో కూర్చుంటుంది.

వోల్టేజీయే స్వరం

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష వోల్టేజీ. నియమం చాలా సింపుల్. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. ఉదాహరణకు ఆసిలేటర్ 440 హెర్ట్జ్ దగ్గర పలుకుతోందనుకుందాం. ఇంకో వోల్టు ఇస్తే 880. మరో వోల్టు ఇస్తే 1,760. అంటే మధ్య షడ్జం నుంచి తారా షడ్జానికి వెళ్లాలంటే సరిగ్గా ఒక్క వోల్టు.

ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు. కాబట్టి ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు 1 భాగించు 12, అంటే సుమారు 83.3 మిల్లీవోల్టులు. ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్నదానికి ఇంకో సంకేతం ఉంటుంది. దాన్ని గేట్ అంటారు. వోల్టేజీ పైకి లేస్తే మెట్టు నొక్కినట్టు, పడిపోతే వేలు తీసినట్టు.

చిన్న బోర్డు లోపల ఏం జరుగుతుంది?

ఒకప్పుడు ఇవన్నీ ట్రాన్సిస్టర్లతోనే చేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పనిలో పెద్ద భాగాన్ని మైక్రోకంట్రోలర్ చేస్తోంది. మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్. దానికి స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు. ఒక ప్రోగ్రామ్ రాసిపెడితే అదే పనిని విసుగు లేకుండా చేస్తూ ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో, గీజర్‌లో ఉండేది కూడా ఈ జాతిదే.

2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో ఈ బోర్డులను విద్యార్థుల చేతికి తెచ్చింది. సంగీతం చేసేవాళ్లలో టీన్సీ, డెయిజీ బోర్డులకు మంచి పేరుంది. 2021 జనవరిలో బ్రిటన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై పికో వచ్చింది. ధర 4 డాలర్లు. రెండు కోర్లు, 133 మెగాహెర్ట్జ్ వేగం, 264 కిలోబైట్ల మెమరీ. ఫోన్‌తో పోలిస్తే ఇది ఏమీ కాదు. కానీ ఒక స్వరం పలికించడానికి ధారాళంగా సరిపోతుంది.

లెక్క చూడండి. సాధారణంగా డిజిటల్ శబ్దానికి సెకనుకు 48,000 అంకెలు కావాలి. ఆ అంకెలన్నీ వరుసగా స్పీకర్‌ను ముందుకు, వెనక్కు కదిలిస్తే శబ్దం అవుతుంది. 440 హెర్ట్జ్ స్వరంలో ఒక్కో అలకు సుమారు 109 అంకెలు పడతాయి. 133 మెగాహెర్ట్జ్ చిప్‌కు ఒక్కో అంకె మధ్య దొరికే సమయం సుమారు 2,770 అడుగులు. ఆ అడుగుల్లోనే నాబ్ ఎక్కడుందో చూడాలి, స్వరం ఎంతో లెక్కగట్టాలి, అంకెను బయటికి పంపాలి. ఒక్కసారి ఆలస్యమైనా చెవికి 'టిక్' అని తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. పికోలోని చిప్‌కు దశాంశ లెక్కలు నేరుగా చేసే యూనిట్ లేదు. చేయమంటే చేస్తుంది కానీ చాలా అడుగులు ఖర్చవుతాయి. అందుకని ప్రోగ్రామ్ రాసేవాళ్లు కిరాణా కొట్టు పద్ధతి వాడతారు. 12 రూపాయల 75 పైసలు అని రాయకుండా మొత్తం 1,275 పైసలుగా రాసుకున్నట్టు, అన్ని లెక్కలూ పూర్ణాంకాల్లోనే నడిపి చివర్లో సర్దుతారు. 2024లో వచ్చిన పికో 2లో దశాంశ లెక్కల యూనిట్ ఉంది. ధర 5 డాలర్లు.

ఏ భాషలో రాయాలన్నది పనిని బట్టి ఉంటుంది. లయ, నెమ్మదిగా మారే వోల్టేజీలు, స్వరాల వరుసల వరకైతే మైక్రోపైథాన్ చాలు. కొత్తవాళ్లకు అదే సులువు. కానీ సెకనుకు 48,000 అంకెలు స్వయంగా పుట్టించాలంటే సీ, సీ ప్లస్ ప్లస్ లాంటి వేగమైన భాష తప్పదు.

అసలు కష్టం మధ్యలోనే

బోర్డు కొన్నారు, ప్రోగ్రామ్ రాశారు. ఇక కేబుల్ పెట్టి వాయించొచ్చా? కుదరదు. పెడితే బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది.

పికో పిన్నులకు తెలిసిన ప్రపంచం 0 నుంచి 3.3 వోల్టులు. సింథసైజర్ పెట్టెలో మాత్రం 5, 8, 10 వోల్టులు తిరుగుతుంటాయి. ఒక్కోసారి మైనస్ 5 కూడా వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోవాలంటే మధ్యలో తర్జుమా చేసే మనిషి కావాలి. సొంత సర్క్యూట్ బోర్డు చేసే పని అదే.

లోపలికి వచ్చే దారిలో రెండు రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గిస్తారు. 100 కిలోఓమ్‌లు, 33 కిలోఓమ్‌లు వాడితే 12 వోల్టులు వచ్చినా పిన్ను దగ్గరికి చేరేది 3 వోల్టుల లోపే. మైనస్ వోల్టేజీ కూడా రావచ్చు కాబట్టి ఆప్-యాంప్ అనే చిప్‌తో సంకేతాన్ని పైకి జరుపుతారు. అయినా హద్దు దాటితే పక్కకు మళ్లించడానికి రెండు డయోడ్లు కాపలా పెడతారు.

బయటికి వెళ్లే దారి దీనికి తిరగబడినది. పికోకు నిజమైన అనలాగ్ వోల్టేజీ ఇచ్చే పిన్ను లేదు. స్విచ్ వేయడం, ఆపడం మాత్రమే వచ్చు. అయితే దాన్ని సెకనుకు వేలసార్లు వేసి ఆపితే, సగం సమయం వేసి ఉంచితే సగటున 1.65 వోల్టులు వచ్చినట్టు. ఆ కుదుపులను రెసిస్టర్, కెపాసిటర్ కలిసి చదును చేస్తాయి. ఇంటి మీద ట్యాంకు ఉన్నట్టే. మోటారు ఆగుతూ నడుస్తున్నా నల్లా నీళ్లు మాత్రం ఒకే ధారగా వస్తాయి కదా. ఆ తర్వాత ఆప్-యాంప్ దాన్ని మూడింతలు చేస్తే 0 నుంచి 10 వోల్టులు తయారు.

ఇంకా కచ్చితత్వం కావాలంటే డాక్ చిప్ పెట్టాలి. ఎంసీపీ4822 అనే చిప్ 4.096 వోల్టులను 4,096 మెట్లుగా పంచుతుంది. అంటే మెట్టుకు సరిగ్గా 1 మిల్లీవోల్టు. పక్క స్వరానికి దూరం 83.3 మిల్లీవోల్టులు అనుకున్నాం కదా. కాబట్టి రెండు స్వరాల మధ్య 83 మెట్లు దొరికినట్టే.

బోర్డు గీయడం.. ఐదు బోర్డుల పాఠం

మొదట బ్రెడ్‌బోర్డు మీద వైర్లు గుచ్చి పరీక్షిస్తారు. అది పనిచేశాక బోర్డు గీసే పని మొదలవుతుంది. దీనికి కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ భాగం దేనితో కలవాలో ముందు బొమ్మ గీస్తారు. తర్వాత ఒక్కో భాగం బోర్డు మీద ఎక్కడ కూర్చోవాలో, రాగి దారులు ఎటు పోవాలో గీస్తారు. చివరికి గెర్బర్ అనే ఫైళ్లు వస్తాయి. ఆ ఫైళ్లు పంపితే ఫ్యాక్టరీవాళ్లు బోర్డులు చేసి ఇంటికి పంపిస్తారు.

సాధారణంగా కనీస ఆర్డర్ 5 బోర్డులు. మీకు కావాల్సింది ఒకటే అయినా ఐదు వస్తాయి. గీతలో తప్పుంటే ఐదింట్లోనూ అదే తప్పు వస్తుంది. విదేశాల నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి బోర్డుల ధర కంటే ఎక్కువ అయిపోవచ్చు. అందుకే పాతవాళ్లు చెప్పే మాట ఒకటుంది. పంపే ముందు బోర్డు బొమ్మను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయండి. దాని మీద జాక్‌లు, నాబ్‌లు పెట్టి చూడండి. జాక్ కాళ్లు తిరగబడ్డాయా, రెండు నాబ్‌ల మధ్య వేళ్లు పడతాయా అన్నది ఆ కాగితమే చెప్పేస్తుంది. ఖర్చు ఒక ప్రింట్ కాపీ డబ్బులు.

ప్రతి చిప్ పవర్ కాలు పక్కనే 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మరో నియమం. ఇది మర్చిపోతే మాడ్యూల్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కానీ శబ్దంలో గుర్రుమనే రొద వస్తుంది. డిజిటల్ చిప్ లోపలి హడావుడి అంతా సంగీతంలోకి కారిపోతుంది. బోర్డు అడుగు పొర మొత్తాన్ని గ్రౌండ్ రాగితో నింపడం కూడా ఇందుకే.

ముందు పలకను కూడా సర్క్యూట్ బోర్డు లాగానే చేయించే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. రంధ్రాలు, పేర్లు, గీతలు అన్నీ అక్కడే అచ్చవుతాయి. లోహం కోయించే పని తప్పుతుంది.

సోల్డరింగ్‌లో వరుస ముఖ్యం. ముందు పొట్టివి, తర్వాత పొడుగువి. రెసిస్టర్లు, డయోడ్లు, చిప్ సాకెట్లు, కెపాసిటర్లు, చివర్లో జాక్‌లు, నాబ్‌లు. జాక్‌లను పలకకు బిగించాకే అతకాలి. లేదంటే వంకరగా కూర్చుని పలక పట్టదు. సీసం ఉన్న సోల్డర్ వాడితే కిటికీ తెరిచిపెట్టుకోవాలి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

ఎక్కడ కాలుతుంది?

ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఒక రిబ్బన్ కేబుల్ తిరగేసి పెట్టడం. యూరోర్యాక్ పవర్ కేబుల్‌కు ఒక పక్క ఎర్ర గీత ఉంటుంది. ఎరుపు అంటే ప్లస్ అని అలవాటుగా అనుకుంటారు. ఇక్కడ మాత్రం ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు. తిరగేస్తే రక్షణ లేని బోర్డు మీద చిప్‌లు క్షణాల్లో పోతాయి. పవర్ దారిలో రెండు షాట్కీ డయోడ్లు పెడితే ఈ గండం తప్పుతుంది.

రెండోది పికోకు 12 వోల్టులు నేరుగా ఇచ్చేయడం. దాని పవర్ పిన్ను తట్టుకునేది 5.5 వోల్టుల వరకే. మధ్యలో 5 వోల్టుల రెగ్యులేటర్ తప్పనిసరి. మామూలు 7805 పెడితే 12లో 5 పోగా మిగిలిన 7 వోల్టులు వేడిగా మారతాయి. బోర్డు 100 మిల్లీఆంపియర్లు లాగితే 0.7 వాట్ల వేడి. వేలు పెడితే తెలుస్తుంది.

మూడోది కొంచెం దొంగ తప్పు. ప్రోగ్రామ్ ఎక్కించడానికి యూఎస్‌బీ కేబుల్ పెడతారు. పెట్టెలో పవర్ కూడా ఆన్‌లో ఉంటుంది. రెండు పవర్లు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా మధ్యలో ఒక డయోడ్ ఉండాలి. అది లేకపోతే ల్యాప్‌టాప్‌కే ముప్పు.

అందుకే కొత్త బోర్డుకు పవర్ ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో ప్లస్ 12కు గ్రౌండ్‌కు మధ్య, మైనస్ 12కు గ్రౌండ్‌కు మధ్య షార్ట్ ఉందేమో చూస్తారు. తర్వాత చిప్‌లు సాకెట్లో పెట్టకుండా, పికో పెట్టకుండా పవర్ ఇచ్చి ప్రతి చోటా వోల్టేజీ కొలుస్తారు. అన్నీ సరిపోతేనే చిప్‌లు పెడతారు. ఐదు నిమిషాల పని. వారం రోజుల కష్టాన్ని కాపాడుతుంది.

ఇంటి 230 వోల్టుల కరెంటుతో సొంతంగా పవర్ సప్లై చేసే సాహసం మాత్రం కొత్తవాళ్లు చేయకూడదు. మంచి రెడీమేడ్ అడాప్టర్ కొనుక్కోవాలి. ఇక్కడ తప్పు జరిగితే పోయేది చిప్ కాదు.

ఒక శాతం తప్పు.. ఒక మెట్టు దాటిన అపశ్రుతి

మాడ్యూల్ మోగింది. కానీ శ్రుతి కుదరలేదు. ఎందుకు? రెసిస్టర్ల మీద రాసిన విలువ అసలు విలువ ఒకటే కాదు. మంచి రకంలో కూడా 1 శాతం అటూ ఇటూ ఉంటుంది. రోజువారీ జీవితంలో 1 శాతం తేడా అంటే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ 10 వోల్టులకు 1 శాతం అంటే 0.1 వోల్టు, అంటే 100 మిల్లీవోల్టులు. ఒక మెట్టు దూరం 83.3 మాత్రమే. అంటే ఒక మెట్టు దాటి 1.2 మెట్లు తప్పిపోయినట్టు. రెండు రెసిస్టర్లు చెరోవైపు తప్పితే తేడా ఇంకా పెరుగుతుంది.

దీనికి మందు కాలిబ్రేషన్. ప్రోగ్రామ్‌తో ఒక్కో వోల్టు పంపమని చెప్పి, మల్టీమీటర్‌తో అసలు ఎంత వచ్చిందో కొలిచి, ఆ తేడాలను పట్టికగా బోర్డులోనే దాస్తారు. తర్వాత ప్రతి స్వరం ఆ పట్టిక చూసుకుని సర్దుకుంటుంది. బ్యాంకు పాస్‌బుక్‌ను సొంత ఖాతాతో సరిచూసుకున్నట్టు. పార్టులు చౌకవైనా చివరి ఫలితం శ్రుతిలో ఉండేలా చేసేది ఈ పట్టికే.

గాంధారాన్ని 11 మిల్లీవోల్టులు దించితే..

మొదట్లో చెప్పుకున్న గాంధారం సంగతికి వద్దాం. కీబోర్డులో 12 స్వరాలనూ సమానంగా పంచారు. ఆ లెక్కన షడ్జం నుంచి నాలుగో మెట్టు దగ్గరి గాంధారం 333.3 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. కర్ణాటక పద్ధతిలో అంతర గాంధారం, హిందుస్తానీలో శుద్ధ గాంధారం అనేది ఇదే. కానీ తంబూరా నాదంతో కలిసిపోయే సహజ గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో ఉంటుంది. దాన్ని వోల్టుల్లోకి మారిస్తే 321.9 మిల్లీవోల్టులు. తేడా సుమారు 11.4 మిల్లీవోల్టులు. శిక్షణ ఉన్న చెవి దీన్ని పట్టేస్తుంది.

ఈ తగాదా కొత్తది కాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. మెట్లు బిగుసుకుపోయి ఉంటాయి, స్వరాన్ని జార్చలేం, సూక్ష్మ శ్రుతులు పలకవు అన్నది విమర్శకుల ప్రధాన వాదన.

సొంత మాడ్యూల్‌లో ఇది ఒక్క అంకె మార్చే పని. ప్రోగ్రామ్‌లో స్వరాల పట్టిక ఉంటుంది. అందులో 333 తీసేసి 322 రాస్తే చాలు. డాక్ మెట్టు 1 మిల్లీవోల్టే కాబట్టి ఆ మార్పును అది పలికించగలదు. ఒక రాగానికి ఒక పట్టిక, ఇంకో రాగానికి ఇంకో పట్టిక పెట్టుకోవచ్చు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్లే మీండ్ కావాలంటే వోల్టేజీని ఒక్కసారిగా కాకుండా మెల్లగా మార్చమని రాయాలి. గాయకుడి గమకం అంతా ఇందులో వచ్చేస్తుందని కాదు. కానీ ఏ స్వరం ఎక్కడుండాలో తేల్చే హక్కు ఫ్యాక్టరీ నుంచి వాయించేవాళ్ల చేతికి వచ్చింది. ఇంత కష్టపడి సొంతంగా చేసుకోవడంలో ఉన్న అసలు లాభం ఇదే.

తలుపులు తెరిచిపెట్టినవాళ్లు

ఇదంతా ఒక్కరే మొదటి నుంచి కనిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది. అలా అక్కర్లేకుండా చేసింది ఓపెన్ సోర్స్ పద్ధతి. అంటే బోర్డు బొమ్మలు, ప్రోగ్రామ్ అన్నీ ఉచితంగా అందరి ముందూ పెట్టడం.

ఫ్రాన్స్‌లో ఎమిలీ జిలే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ దీనికి పెద్ద ఉదాహరణ. బ్రెయిడ్స్, క్లౌడ్స్, రింగ్స్, ప్లెయిట్స్ లాంటి మాడ్యూళ్లు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. వాటి డిజైన్లు, ప్రోగ్రామ్‌లు కూడా ఆమె బయటపెట్టారు. ఎవరైనా తయారుచేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే తన కంపెనీ పేరు మాత్రం వాడుకోవద్దన్నారు. అచ్చం వంటకం చెప్పేసి, హోటల్ బోర్డు మాత్రం మీది మీరే పెట్టుకోండి అన్నట్టు.

ఫలితం ఏమైంది? 2022లో ఆ కంపెనీ మూతపడింది. కానీ మాడ్యూళ్లు మూతపడలేదు. చిన్న చిన్న తయారీదారులు వాటిని ఇప్పటికీ చేస్తున్నారు. ఆర్టూరియా అనే కంపెనీ 2019లో తెచ్చిన మైక్రోఫ్రీక్ కీబోర్డులో ప్లెయిట్స్ ప్రోగ్రామ్ ఉంది. వీసీవీ ర్యాక్ అనే ఉచిత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లోనూ అవే ప్రోగ్రామ్‌లు వేరే పేర్లతో నడుస్తున్నాయి. మామూలుగా కంపెనీ మూతపడితే దాని వస్తువు పాడైనప్పుడు బాగుచేసే దిక్కుండదు. ఇక్కడ బొమ్మ జనం దగ్గరుంది కాబట్టి ఏ చిప్ పోయిందో చూసి మార్చుకోవచ్చు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు యూరోపై మంచి నమూనా. బ్రిటన్‌కు చెందిన అలెన్ సింథసిస్ పికో ఆధారంగా చేసిన ఓపెన్ సోర్స్ మాడ్యూల్ ఇది. వెడల్పు 8 హెచ్‌పీ, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. రెండు నాబ్‌లు, రెండు బటన్లు, చిన్న స్క్రీన్, రెండు ఇన్‌పుట్‌లు, 0 నుంచి 10 వోల్టులు ఇచ్చే ఆరు అవుట్‌పుట్‌లు. పైన చెప్పిన ట్యాంకు పద్ధతిలోనే ఇది వోల్టేజీలు పుట్టిస్తుంది. ప్రోగ్రామ్ మైక్రోపైథాన్‌లో ఉంటుంది. ఒకే మాడ్యూల్‌ను మెనూలో మార్చుకుని ఇవాళ లయ యంత్రంగా, రేపు స్వరాల వరుసగా వాడుకోవచ్చు. ఎవరో రాసిన ప్రోగ్రామ్ నచ్చకపోతే తెరిచి మార్చుకోవచ్చు.

మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

ముందుగా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు. వీసీవీ ర్యాక్‌ను కంప్యూటర్‌లో వేసుకుని ఆసిలేటర్, ఫిల్టర్, సీక్వెన్సర్‌లను తెర మీదే కేబుళ్లతో కలిపి చూడాలి. ఏ మాడ్యూల్ ఎందుకో తెలియకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే డబ్బు దండగ.

తర్వాత ఒక పికో, బ్రెడ్‌బోర్డు, రెండు నాబ్‌లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. వీటితో చిన్న స్పీకర్ యాంప్లిఫయర్‌లోకి శబ్దం పంపడం మొదటి మెట్టు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రెసిస్టర్లు, ఆప్-యాంప్‌లు, మల్టీమీటర్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో చేతికి దొరుకుతాయి. యూరోర్యాక్‌కు సరిపడే జాక్‌లు, పవర్ కనెక్టర్లు మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే వెతుక్కోవాలి. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ లాంటి ప్రొటోటైపింగ్ కేంద్రంలో ఎలక్ట్రానిక్స్, సర్క్యూట్ బోర్డుల పనికి సదుపాయాలున్నాయి.

మూడో మెట్టులో ఎవరో చేసి నిరూపించిన ఓపెన్ సోర్స్ బోర్డు ఒకటి అతకడం. సొంత బోర్డు గీయడం నాలుగో మెట్టు మాత్రమే. ఈ వరుస దాటి నేరుగా సొంత బోర్డుకు వెళ్తే, మోగనప్పుడు తప్పు బొమ్మలో ఉందా, అతుకులో ఉందా, ప్రోగ్రామ్‌లో ఉందా అన్నది తేలదు.

ఖర్చు విషయంలో భ్రమ పెట్టుకోకూడదు. బోర్డు 4 డాలర్లే. కానీ జాక్‌లు, నాబ్‌లు, పలక, షిప్పింగ్ కలిస్తే లెక్క మారిపోతుంది. పెట్టె, పవర్ సప్లై కూడా కొనాల్సి వస్తే మొదటి మాడ్యూల్‌కు వాటి ఖర్చే ఎక్కువ అనిపిస్తుంది. ఒక్క మాడ్యూల్ కోసమైతే రెడీమేడ్ కొనడమే చౌక కావచ్చు. పొదుపు కోసం ఈ దారి పట్టినవాళ్లు నిరాశపడతారు.

అర్థం చేసుకోవడానికి, బాగుచేసుకోవడానికి, తమకు కావాల్సిన స్వరాన్ని తామే పెట్టుకోవడానికి వచ్చినవాళ్లకు మాత్రం డబ్బు వృథా కాదు. 1969లో అలాంటి యంత్రం ముట్టుకోవాలంటే అహ్మదాబాద్ సంస్థలో చోటు దొరకాలి. ఇవాళ ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, ఓపిక ఉంటే చాలు. మొదటి బోర్డు మోగకపోయినా మిగతా నాలుగు బోర్డులు చేతిలో ఉంటాయి. తప్పు గీతను బ్లేడుతో గీకి, పైనుంచి చిన్న వైరు అతికి మళ్లీ ప్రయత్నించొచ్చు.